పొట్టలో నీటి తిత్తి: రిపోర్టులో ‘మీసోథీలియల్’ అన్న మాట చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయాం

కాకినాడ_శ్రీను
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా చెల్లి గురించి రాస్తున్నాను. వయసు 34, ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. ఏడాదిగా పొట్ట ఉబ్బరంగా ఉంటోందని, కుచ్చిళ్లు దోపుకునే చోట బిగుతుగా ఉంటోందని అనేది. గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చింది. చివరికి స్కానింగ్ తీయిస్తే కుడి అండాశయంలో 11 సెంటీమీటర్ల సిస్ట్ అన్నారు. తీరా ఆపరేషన్ చేస్తే అండాశయాలు రెండూ శుభ్రంగానే ఉన్నాయట. తిత్తి మాత్రం గర్భసంచి వెనక పొర మీదా, పేగుల పొర మీదా ద్రాక్షగుత్తిలా అల్లుకుని ఉందట. బయటికి తీశాక ట్రేలో పెట్టి మా బావకు చూపించారు. పల్చని బుడగలు, వాటిలో గంజి తేటలాంటి నీళ్లు.

ముక్క పరీక్ష రిపోర్టు ఇవాళ వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నా: “మల్టీలాక్యులర్ బినైన్ సిస్టిక్ లీజన్. సిస్టిక్ లింఫాంజియోమా లేదా మల్టీసిస్టిక్ మీసోథీలియల్ లీజన్ కావచ్చు. ఐహెచ్‌సీ సూచించడమైనది.”

బావ ఆ రెండో పేరు ఫోన్లో వెతికాడు. మీసోథీలియోమా అంటే క్యాన్సర్ అనీ, ఆస్బెస్టాస్ వల్ల వస్తుందనీ కనిపించింది. వాళ్ల వరండాకు ఇరవై ఏళ్లుగా సిమెంటు రేకులే. ఇక చూడండి, ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు మాత్రం “బినైన్, అంటే క్యాన్సర్ కాదు అని రాశారుగా, మర్చిపోండి” అంటున్నారు. ఐహెచ్‌సీ అంటే కణాలకు ప్రత్యేకమైన రంగులు వేసి చూసే పరీక్షట, దానికి మళ్లీ డబ్బు కట్టాలి. కట్టాలా, వదిలేయాలా? తెలిసినవాళ్లు ఒక మాట చెప్పండి.

సర్జరీ_పీజీ
సోమవారం, రాత్రి 9:50

శ్రీను గారూ, ముందు ఇంట్లో అందరూ భోంచేయండి. రిపోర్టులో రాసిన రెండూ క్యాన్సర్లు కావు. ‘మల్టీసిస్టిక్’ (చాలా బుడగలున్నది) అన్న మాట ముందుంటే అది మీ బావగారు చదివిన జబ్బు కాదు. రేకులకూ దీనికీ సంబంధం లేదు.

స్కానింగ్‌లో అండాశయం అని రావడం కూడా ఎవరి తప్పూ కాదు. కటి భాగంలో నీళ్లున్న తిత్తి కనిపిస్తే ఆడవాళ్లలో ముందు తట్టేది అండాశయమే. పేగుల పొర తిత్తులు మరీ అరుదు. పెద్దవాళ్లలో ఆసుపత్రిలో చేరే లక్ష మందిలో ఒకరికి, పిల్లల్లో ఇరవై వేలలో ఒకరికి అని మా పుస్తకాల్లో ఉంటుంది. నా ట్రైనింగులో ఇప్పటిదాకా రెండే చూశాను. రెండుసార్లూ పొట్ట తెరిచేదాకా ఫలానా అని చెప్పలేకపోయాం.

పొట్ట మీద చెయ్యి వేసి గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది, టిల్లో పేరు మీద. 1880లో ఇలాంటి తిత్తిని మొదట విజయవంతంగా తీసిన ఫ్రెంచి సర్జన్ ఆయన. మెసెంటరీ అనే పేగుల పొర వీపు గోడకు ఏటవాలుగా అతుక్కుని ఉంటుంది కాబట్టి గడ్డ ఆ అతుకుకు అడ్డంగా బాగా కదులుతుంది, అతుకు వెంబడి అంతగా కదలదు. అయితే దాంతో తెలిసేది గడ్డ ఎక్కడుందో మాత్రమే. ఏ గడ్డో చేతికీ తెలియదు, స్కానింగుకూ పూర్తిగా తెలియదు.

పాథ్_మాస్టారు
సోమవారం, రాత్రి 11:05

ముప్పై ఏళ్లు పాథాలజీ చెప్పి రిటైరయ్యాను. శ్రీనూ, నా సలహా సూటిగా చెబుతాను. ఆ పరీక్ష చేయించండి. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పొట్టలో తిత్తి అంటే నీళ్లు నిండిన సంచి. చాలామంది దృష్టి ఆ నీళ్ల మీదే ఉంటుంది. మా కళ్లు మాత్రం సంచి గోడ మీద, అందులోనూ లోపలి అస్తరు మీద ఉంటాయి. తిత్తి ఎవరి సంతానమో చెప్పేది ఆ అస్తరే. బల్లపరుపు కణాలు ఒకే వరసలో ఉండి, గోడలో లింఫోసైట్లనే తెల్లకణాల గుంపులు, అక్కడక్కడా నున్నటి కండర పోగులు కనిపిస్తే శోషరస నాళాల నుంచి పుట్టిన లింఫాంజియోమా. పేగు లోపలి పొరలాంటి అస్తరు, చుట్టూ పేగుకున్నట్టే రెండు వరసల కండరం ఉంటే పేగు జంటగా ఏర్పడిన డూప్లికేషన్ సిస్ట్. జిగురు చేసే పొడుగు కణాలు, వాటి కింద అండాశయంలో ఉండేలాంటి దట్టమైన కణజాలం ఉంటే మ్యూసినస్ సిస్ట్, దాన్ని చాలా జాగ్రత్తగా చూడాలి. అస్తరే లేక ఉత్త నారగోడ ఉంటే సూడోసిస్ట్, అంటే పాత దెబ్బో, వాపో, రక్తస్రావమో మిగిల్చిన సంచి. పొట్ట లోపల పరుచుకుని ఉండే పెరిటోనియం పొర కణాలే అస్తరుగా ఉంటే అది మీసోథీలియల్ తిత్తి.

ఫ్లారెన్స్ వైద్యుడు బెనివియెనీ ఎనిమిదేళ్ల పిల్లవాడి శవపరీక్షలో పేగుల పొర తిత్తిని చూశాడని చెబుతారు. ఆయన రాతలు 1507లో అచ్చయ్యాయి. అప్పటి నుంచీ వీటికి ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకుంటూ వచ్చారు. ఎక్కడుంది, ఎలాంటి నీళ్లున్నాయి అన్నదాన్నిబట్టే పేర్లు. 2000లో డి పెరో, ఆయన సహచరులు ‘పుట్టుక ఏ కణంలోంచి’ అన్నదాన్నిబట్టి వర్గాలు చేశాక కాస్త గందరగోళం తగ్గింది.

మీ చెల్లి కేసులో చిక్కు ఏమిటంటే, శోషరస నాళం కణమూ, పెరిటోనియం కణమూ తిత్తిలో నీటి ఒత్తిడికి సాగి పల్చబడితే స్లైడుకు వేసే మామూలు రంగుల్లో ఒకేలా కనిపిస్తాయి. రెండూ నేల మీద పరిచిన తాటాకులే. కంటితో విడదీయలేక ఆ పాథాలజిస్టు నిజాయితీగా రెండు పేర్లూ రాసి ఐహెచ్‌సీ అడిగారు. మంచి రిపోర్టు అది. తోచిన పేరొకటి రాసేసి ఊరుకోలేదు.

సందేహం_సత్తి
మంగళవారం, ఉదయం 7:20

మాస్టారూ, నాదొక చిన్న ప్రశ్న. ముందే సూది గుచ్చి ఆ నీళ్లు లాగి పరీక్షిస్తే సరిపోయేది కదా? ఇంత ఆపరేషన్ ఎందుకు?

పత్తికొండ_పిల్ల
మంగళవారం, ఉదయం 8:02

సత్తి గారూ, ఈ మాట చదివి ఆగలేకపోయాను. మాది కర్నూలు జిల్లా. ఇంట్లో గొర్రెలు, వాటి వెంట కుక్కలు. నాకు పన్నెండేళ్లప్పుడు కాలేయంలో నీటి గడ్డ అన్నారు. మా పక్క ఊళ్లో ఒకాయన “సూదితో లాగేద్దాం, రూపాయి ఖర్చు లేకుండా పోతుంది” అన్నాడు. మా నాన్న సరేననేలోపు మా మేనమామ పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయినాడు. అది హైడాటిడ్ సిస్ట్. కుక్కల పేగుల్లో ఉండే బద్దెపురుగు గుడ్లు మన కడుపులోకి పోతే వచ్చేది. సూది గుచ్చితే ఆ నీళ్లు లోపల చిమ్మి ఒళ్లంతా ఎలర్జీ వచ్చి ప్రాణం మీదికి వచ్చేదని తర్వాత చెప్పినారు.

ఆపరేషనులో తీసిన పొర మా అమ్మకు చూపిచ్చినారంట. లేత కొబ్బరి మాదిరి తెల్లగా, జారుజారుగా ఉండిందంట. ఇప్పటికీ మా అమ్మ లేత కొబ్బరి తినదు.

పాథ్_మాస్టారు
మంగళవారం, ఉదయం 9:15

అమ్మా, మీ మేనమామ చేసిన మేలు చిన్నది కాదు. మీరు చెప్పిన ఆ తెల్ల పొరను లామినేటెడ్ మెంబ్రేన్ అంటాం. మైక్రోస్కోపు కింద ఉల్లిపాయ పొరల్లా గీతలు గీతలుగా, కణమన్నదే లేకుండా ఉంటుంది. పీఏఎస్ రంగు వేస్తే గులాబీ రంగులో మెరుస్తుంది. నీళ్లలో పురుగు కొక్కేలు దొరికితే ఇక అనుమానమే లేదు.

సత్తీ, మన ప్రాంతంలో పొట్టలో ఏ నీటి తిత్తికైనా సూది పెట్టేముందు హైడాటిడ్ కాదని తేల్చుకోవాలి. హైడాటిడ్‌కు కూడా సూది వైద్యం ఉంది. కానీ అది ఆల్బెండజోల్ మాత్రల కాపుదలలో, అన్ని ఏర్పాట్ల మధ్య, చేయి తిరిగినవాళ్లు చేసేది.

ఇక మిగతా తిత్తుల్లో సూదితో వచ్చేది నీళ్లూ, నాలుగు తెల్లకణాలూ. అస్తరు కణాలు గోడకే అంటుకుని ఉంటాయి, రావు. పాలలాంటి నీళ్లొచ్చి అందులో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు ఎక్కువుంటే శోషరసం అని ఒక ఆనవాలు దొరుకుతుంది, అంతే. గోడ చేతికి రానిదే పేరు పెట్టలేం.

మెట్‌పల్లి_రవి
మంగళవారం, మధ్యాహ్నం 1:40

మా బాపు ముచ్చట చెప్తా, ఎవరికన్నా పనికొస్తది. నాలుగేండ్ల కింద బాపు కడుపుల గడ్డ తీసిండ్రు. ఒక చిన్న ఆసుపత్రి, పేరు వద్దు. తీసిన గడ్డను ఒక ప్లాస్టిక్ డబ్బాల నీళ్లు పోసి మా చేతుల పెట్టి “పొద్దుగాల ల్యాబుల ఇయ్యుండ్రి” అన్నరు. ఎండకాలం. రాత్రంత ఆ డబ్బా మా ఇంట్ల గూట్లెనే ఉన్నది. తెల్లారి ఇస్తే ల్యాబు ఆయన మూత తీసి మొఖం పక్కకు తిప్పుకున్నడు. రిపోర్టుల “అస్తరు కనిపించలేదు, సూడోసిస్ట్ కావచ్చు” అని వచ్చింది. గిప్పుడు మాస్టారు రాసింది చదివినంక అనిపిస్తున్నది, అస్తరు లేకనా, మేం కుళ్లబెట్టినందుకా?

మైక్రోటోమ్
మంగళవారం, సాయంత్రం 6:30

రవి అన్నా, నీ పోస్టు చదివి బాధయింది. నేను వరంగల్లో హిస్టోపాథాలజీ (ముక్క పరీక్షల) టెక్నీషియన్ని, పదకొండేళ్లుగా ఇదే పని. తప్పు మీది కాదు. ముక్క చెడకుండా ఉంచే మందు, ఫార్మలిన్, పోసిన డబ్బా ఇవ్వాల్సింది ఆసుపత్రి వాళ్లు.

ఒంటి నుంచి వేరుపడ్డ ముక్క ఆ నిమిషం నుంచే తనను తాను అరిగించుకోవడం మొదలుపెడుతుంది. తిత్తి అస్తరు ఒక్క కణం మందం. అన్నిటికంటే ముందు రాలిపోయేది అదే. ఉత్త నీళ్లలో ఉబ్బి ఇంకా తొందరగా ఊడిపోతుంది. అందుకే పది శాతం ఫార్మలిన్, అదీ ముక్కకు కనీసం పదింతలు ఉండాలి. నిండా ఉన్న తిత్తినైతే కోసి తెరిస్తేనే మందు లోపలికి దిగుతుంది.

మా దగ్గర ఎలా చేస్తామో చెప్తా. ముందు కొలతలు, బరువు. తర్వాత కత్తిరించి నీళ్ల రంగు, చిక్కదనం రాసుకుంటాం. లోపలి వైపు గుడ్డతో తుడవనే తుడవం. కొత్తగా వచ్చిన పిల్లలు శుభ్రం చేద్దామని దూదితో రుద్దుతారు. నేను మొదట నేర్పేది అది చేయొద్దనే. రుద్దితే అస్తరు మొత్తం దూదికి పోతుంది, రిపోర్టుకు ఏమీ మిగలదు. తర్వాత గోడ మీద వేలు పెట్టి నెమ్మదిగా తడుముతూ పోతాం. ఎక్కడైనా గట్టిగా, మందంగా, బొడిపెలా తగిలితే అక్కడి ముక్క తప్పక తీసుకోవాలి. చెడు ఉంటే అలాంటి చోటే ఉంటుంది.

పల్చటి గోడను చదునుగా పెడితే కోతలో అస్తరు ఏ వైపుందో తెలియదు. అందుకే పట్టీలా కోసి చాప చుట్టినట్టు చుట్టి, అంచు మీద నిలబెట్టి మైనంలో పోస్తాం. అప్పుడు ఒక్క స్లైడులో గోడ మొత్తం గుండ్రంగా కనిపిస్తుంది. కోసేది మూడు నాలుగు మైక్రాన్ల మందం. మన తల వెంట్రుకలో దాదాపు ఇరవయ్యో వంతు. ఆ పొర గోరువెచ్చటి నీళ్ల మీద తేలుతుంటే ఊపిరి గట్టిగా వదిలినా ముడత పడుతుంది.

రవి అన్నా, బాపు బ్లాకులు ఆ ల్యాబులో ఇంకా ఉండొచ్చు. మైనం బ్లాకులు ఏళ్ల తరబడి దాస్తారు. అడుగు. ఏదో ఒక మూల అస్తరు మిగిలి ఉంటే మళ్లీ కోసి చూడొచ్చు.

మెట్‌పల్లి_రవి
మంగళవారం, రాత్రి 8:15

అడుగుత అన్నా. బాపు ఇప్పుడైతే మంచిగనే ఉన్నడు. కానీ అడుగుత.

బుజ్జిగాడి_అమ్మ
మంగళవారం, రాత్రి 10:30

మా బాబుకి మూడేళ్లప్పుడు మలంలో రక్తం పడింది. నొప్పని ఏడ్చేవాడు కాదు, పాలిపోతూ ఉండేవాడు. స్కానింగ్ డాక్టరమ్మ తిత్తి గోడలో రెండు గీతలు చూపించారు, లోపల తెల్లది, బయట నల్లది. “ఇది పేగు గోడలా ఉందమ్మా, మామూలు నీటి తిత్తి కాకపోవచ్చు” అన్నారు. చిన్నపేగు చివర్లో డూప్లికేషన్ సిస్ట్. తిత్తి ఒక్కటే ఒలిచి తీయడం కుదరదట. పక్క పేగుతో గోడా, రక్తనాళాలూ ఉమ్మడి కాబట్టి కొంత పేగు కూడా కోసి అతికించారు.

పాథాలజీ రిపోర్టులో అసలు సంగతి తెలిసింది. ఆ తిత్తి లోపల కడుపు పొర ఉందట! పేగు పొర ఉండాల్సిన చోట జీర్ణాశయం పొర. అది ఆమ్లం ఊరించి పక్కన పుండు చేసింది, ఆ రక్తమే మేం చూసింది. ఆ ఒక్క వాక్యం చదివాక ఆరు నెలలుగా నన్ను తినేసిన ప్రశ్నకు జవాబు దొరికింది. నేను పెట్టిన తిండి వల్ల కాదు. వాడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు.

శ్రీను గారూ, పేరు తెలియడం మనశ్శాంతి. పరీక్ష చేయించండి.

కాకినాడ_శ్రీను
శనివారం, సాయంత్రం 5:45

అందరికీ చేతులెత్తి నమస్కారాలు. మంగళవారమే డబ్బు కట్టేశాం. ఇందాక ల్యాబుకి ఫోన్ చేస్తే ఒక ఫలితం చెప్పారు. డీ2-40 పాజిటివ్ అట. బావ చదివి “ఇది శోషరస నాళాల మార్కరు, అంటే లింఫాంజియోమా, మీసోథీలియల్ కాదు” అని సంబరపడుతున్నాడు. స్వీట్లు తేవడానికి వెళ్లాడు. నిజమేనా మాస్టారూ?

పాథ్_మాస్టారు
శనివారం, సాయంత్రం 6:20

శ్రీనూ, స్వీట్లు తినండి, ఎటు తేలినా అది బినైనే. కానీ ఆ ఒక్క ఫలితంతో లింఫాంజియోమా అనకండి. ఇక్కడే చాలామంది పొరబడతారు.

డీ2-40 పట్టుకునేది పోడోప్లానిన్ అనే ప్రొటీన్‌ని. అది శోషరస నాళం కణాల్లో ఉంటుంది, నిజమే. మీసోథీలియల్ కణాల్లోనూ ఉంటుంది. కాబట్టి మీ అనుమానంలో ఉన్న ఇద్దరూ ఆ రంగుకు పలుకుతారు. విడదీసేది మిగతావి. సీడీ31 నాళాల కణాలకు పలుకుతుంది, మీసోథీలియానికి పలకదు. కాల్‌రెటినిన్, సైటోకెరటిన్ మీసోథీలియానికి పలుకుతాయి, నాళాలకు పలకవు. వాళ్లు ఈ మూడూ వేసే ఉంటారు. పూర్తి రిపోర్టు కాగితం మీద వచ్చేదాకా ఆగండి. ఫోన్లో సగం మాట వినొద్దు.

మైక్రోటోమ్
శనివారం, సాయంత్రం 6:48

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క రంగు చూసి ఎవరూ సంతకం పెట్టరు. ప్రతి స్లైడు పక్కన కంట్రోల్ ముక్క కూడా వేస్తాం, రంగు పనిచేసిందో లేదో చూసుకోవడానికి.

కాకినాడ_శ్రీను
సోమవారం, మధ్యాహ్నం 12:10

రిపోర్టు వచ్చింది. కాల్‌రెటినిన్ పాజిటివ్. సైటోకెరటిన్ 5/6 పాజిటివ్. డీ2-40 పాజిటివ్. సీడీ31 అస్తరు కణాల్లో నెగెటివ్, గోడలోని రక్తనాళాల్లో పాజిటివ్. చివరి వాక్యం: “మల్టీసిస్టిక్ పెరిటోనియల్ మీసోథీలియల్ లీజన్, బినైన్.”

బావ ఏమీ మాట్లాడట్లేదు. చెల్లి మాత్రం “అన్నయ్యా, వాళ్లనడుగు, నేను వింటాను” అంది. ఫోన్ దాని చేతికే ఇచ్చాను, మీరు రాసేది అదే చదువుతుంది.

పాథ్_మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 1:30

తల్లీ, నీకే రాస్తున్నాను. నీకు క్యాన్సర్ లేదు.

ఆ రిపోర్టు ఎంత బాగుందో చూడు. సీడీ31 అస్తరులో పలకలేదు, పక్కనే ఉన్న రక్తనాళంలో పలికింది. అంటే రంగు బాగానే పనిచేసింది, నీ అస్తరు కణమే నాళం కణం కాదు. కాల్‌రెటినిన్ వేస్తే మీసోథీలియల్ కణం హాఫ్‌బాయిల్ గుడ్డులా కనిపిస్తుంది, మధ్యలో కేంద్రకం ముదురు గోధుమ రంగు, చుట్టూ లేత రంగు. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టని దృశ్యం అది.

ఈ జబ్బును మొదట విడిగా గుర్తించి రాసింది 1979లో, మెన్నెమేయర్, స్మిత్ అనే ఇద్దరు. ఎక్కువగా నీ ఈడు ఆడవాళ్లలోనే వస్తుంది. ఇది నిజంగా కణితా, లేక పాత ఆపరేషన్లు, వాపులు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) వల్ల పొర రేగి వేసుకున్న బుడగలా అని మాలో మాకే వాదన ఉంది. నీకు రెండు సిజేరియన్లు అయ్యాయి కాబట్టి రెండో మాటే నిజం కావచ్చునని నాకనిపిస్తుంది. దీని పాత పేరు ‘మల్టీసిస్టిక్ మీసోథీలియోమా’. అందులో ‘మీసోథీలియోమా’ ఉండటం వల్ల నీలాంటివాళ్లు ఎందరు నిద్రపోలేదో. నా చేతిలో ఉంటే ఆ మాటే తీసేసేవాణ్ని. ఇప్పుడు చాలామంది పాథాలజిస్టులు ‘ఇన్‌క్లూజన్ సిస్ట్’ అనే రాస్తున్నారు.

దాచకుండా ఒకటి చెప్పాలి. ఇది తిరిగి వచ్చే గుణం ఉన్నది. ప్రచురితమైన కేసుల్లో దాదాపు సగం మందిలో మళ్లీ కనిపించింది, కొందరిలో ఏళ్ల తర్వాత. చెడుగా మారడం అత్యంత అరుదు. లింఫాంజియోమా అయ్యుండి మొత్తం తీసేసి ఉంటే నీ డాక్టరు ఇంత పట్టించుకోనక్కర్లేదు. ఇప్పుడు మాత్రం “మర్చిపోండి” అన్న మాట సరిపోదు. ఎంత కాలానికోసారి స్కానింగ్ తీయాలో వాళ్లనడిగి రాయించుకో. మళ్లీ చిన్న బుడగ కనిపిస్తే వెంటనే కోయాలని కూడా లేదు, ఇబ్బంది లేకపోతే గమనిస్తూ ఉంటారు. మరో ఊరి డాక్టరు దగ్గరికి వెళితే ఈ రెండు రిపోర్టులూ చూపించు, లేకపోతే మళ్లీ అండాశయం సిస్ట్ అనే మొదలుపెడతారు.

సర్జరీ_పీజీ
సోమవారం, మధ్యాహ్నం 2:05

ఇంకొక్క మాట. రిపోర్టు పైన బయాప్సీ నంబరు ఉంటుంది. అది ఫోన్లో భద్రపరచుకోండి. వెల్లూరులోనో హైదరాబాదులోనో రెండో అభిప్రాయం కావాలంటే ఆ నంబరు చెప్పి స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకోవచ్చు.

కాకినాడ_శ్రీను
సోమవారం, రాత్రి 9:20

ఇప్పుడు రాస్తున్నది నేను, శ్రీను చెల్లెల్ని. మాస్టారు గారూ, మీ మాటలు మూడుసార్లు చదివాను. మా ఆయనకు కూడా చదివి వినిపించాను. సాయంత్రం డాక్టరు గారికి రెండో రిపోర్టు చూపించాం. ఆరు నెలలకోసారి స్కానింగ్ అని చీటీ మీద రాసిచ్చారు. బయాప్సీ నంబరు పిల్లల టీకా కార్డు వెనక రాసుకున్నాను, మా ఇంట్లో పోని కాగితం అదొక్కటే. గుడ్డు మధ్యలో గోధుమ రంగు అన్నారు కదా, ఆ స్లైడు ఒక్కసారి చూడాలని ఉంది. ల్యాబులో అడిగితే చూపిస్తారా?

మైక్రోటోమ్
సోమవారం, రాత్రి 9:41

చూపిస్తారు అక్కా. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి, అప్పటికి రిపోర్టుల హడావిడి తగ్గుతుంది. మైక్రోస్కోపుకు రెండో కన్ను ఉంటే పాథాలజిస్టుతో పాటే చూడొచ్చు.